రాత్రి 2 దాకా చదివినా పొద్దున్నకి ఏం గుర్తుండట్లేదు మేడమ్!

ప్రశ్న: మేడమ్, నాకు 43 ఏళ్ళు, మల్కాజిగిరిలో ఉంటాం. అబిడ్స్ దగ్గర ఒక గవర్నమెంట్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ప్రమోషన్ రావాలంటే లీవ్ రూల్స్ లాంటివి అడిగే డిపార్ట్‌మెంటల్ టెస్ట్ పాసవ్వాలి, రెండుసార్లు పోయింది. ఇంట్లో పనంతా అయ్యి పుస్తకం పట్టేసరికి రాత్రి 11 అయితది, 2 దాకా చదువుతా, మళ్ళీ 5:30కి లేవాలి. పొద్దున బస్సులో గుర్తుచేసుకుందామంటే అంతా ఖాళీ. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, వాడు ఒక్కసారి చూస్తే చాలు. మెదడులో హిప్పోకాంపస్ అనే చోట కణాల నెట్‌వర్క్ యాక్టివిటీ వల్లనే జ్ఞాపకాలు తయారవుతయని, తీటా వేవ్స్ పెంచే ఆడియో వింటే మెమరీ పెరుగుతదని వాడే ఒక యాప్ వేసిచ్చాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అది వింటూ చదువుతున్నా గానీ ఏం తేడా లేదు. 40 దాటితే హిప్పోకాంపస్ పనిచెయ్యదా? ఇంకోటి, మా అత్తమ్మకి 71. పెళ్ళైన కొత్తలో జనగామలో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్తది గానీ పొద్దున టిఫిన్ తిన్నదో లేదో చెప్పలేదు. నాకూ అదే మొదలైందేమోనని భయంగా ఉంది.

సమాధానం: చెల్లెమ్మా, మీ ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరే రాశారు, చూసుకోలేదంతే. 2 దాకా చదువుతా, 5:30కి లేవాలి అన్నారు కదా. మూడున్నర గంటల నిద్ర. అబ్బాయికి ఒక్కసారి చూస్తే చాలు అని మీరు బాధపడుతున్నారు గానీ, మీరు లేచి వాడి టిఫిన్ బాక్స్ కట్టే టైంలో వాడేం చేస్తుంటాడు? పడుకుని ఉంటాడు. రాత్రి వాడు చదివిన ఫిజిక్స్ గట్టిపడేది ఆ నిద్రలోనే, మీరు చదివిన లీవ్ రూల్స్ జారిపోయేది ఆ నిద్ర లేకనే. వయసు తేడా అసలే లేదు అని అబద్ధం చెప్పను, 17 ఏళ్ళ బుర్రకీ 43 ఏళ్ళ బుర్రకీ స్పీడులో ఎంతోకొంత తేడా ఉంటది, కానీ పొద్దున బస్సెక్కేసరికి అంతా ఖాళీ అయ్యేంత తేడా మాత్రం వయసుది కాదు.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైర్ అయినదాన్ని, కాబట్టి కొంచెం పాఠం తప్పదు, ఓపిక పట్టండి. ఎట్లాగూ నెట్‌వర్క్ యాక్టివిటీ అని మీ అబ్బాయే మొదలుపెట్టాడు కదా, వాడికి కూడా చదివి వినిపించండి.

హిప్పోకాంపస్ అనేది మెదడులో రెండు వైపులా, చెవుల దగ్గర లోపలికి, చిటికెన వేలంత ఉంటది. దాని పనేంటో లోకానికి తెలిసింది ఒక మనిషికి జరిగిన నష్టం వల్ల. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే 27 ఏళ్ళ మనిషికి మూర్ఛ తగ్గట్లేదని విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశాడు. మూర్ఛ చాలావరకు తగ్గింది, కానీ ఆ రోజు నుంచి ఆయనకి జరిగిన సంగతుల కొత్త జ్ఞాపకం అనేది దాదాపు ఏర్పడలేదు. చిన్నప్పటివి గుర్తున్నయ్, మాట బాగుంది, తెలివి బాగుంది, కానీ ఇప్పుడే మాట్లాడి బయటికెళ్ళిన డాక్టర్ మళ్ళీ లోపలికొస్తే మీరెవరు అంటాడు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్ట్ ఆయన్ని ఏళ్ళ తరబడి పరీక్షించింది. అద్దంలో చూసుకుంటూ నక్షత్రం బొమ్మ మీద గీత గియ్యమంటే రోజురోజుకీ మంచిగ గీశాడు, అయితే ముందురోజు ఆ పని చేసినట్టే ఆయనకి గుర్తులేదు! అంటే చేతికి వచ్చే పనితనం ఒక దారి, ఫలానా రోజు ఫలానాది చదివాను అనే జ్ఞాపకం ఇంకో దారి. మీకు కీబోర్డ్ మీద చెయ్యి ఎప్పుడూ తడబడదు గానీ రూల్ నంబర్ మాత్రం తడబడతది, అందులో వింతేం లేదు. ఆయన 2008లో పోయేదాకా పరిశోధనకి సహకరించాడు, పాపం ఏ రోజుకారోజు కొత్తగా పరిచయం చేసుకుంటూ.

మరి ఆ చిటికెన వేలంత దాంట్లో జరిగేదేంటి? మీ ఆఫీసు భాషలోనే చెప్తా. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో తపాలు దిగుతది, రిజిస్టర్‌లో నంబర్ పడతది, తర్వాత సంబంధించిన సెక్షన్‌కి పోతది కదా. మీరు ఒక పేజీ చదివితే కంటికి కనిపించింది మెదడు వెనక భాగంలో, మనసులో పలుకుకున్నది పక్క భాగంలో, దాని అర్థం ఇంకోచోట, ఇట్ల కార్టెక్స్ అంతా, అంటే మెదడు పైపొర అంతా, ముక్కలు ముక్కలుగా పడి ఉంటది. ఏ ముక్క ఏ ముక్కతో కలిసి వచ్చింది అనే ఎంట్రీ హిప్పోకాంపస్‌లో పడతది. ఆ ఎంట్రీ ఉన్నన్నాళ్ళు ఒక ముక్క తగిలితే మిగతావన్నీ లేస్తయ్. ఫైల్ మాత్రం ఎప్పటికీ ఇన్‌వర్డ్‌లోనే ఉండదు, మెల్లగా సెక్షన్లకి అంటే కార్టెక్స్‌కి స్థిరపడతది, దానికి రోజులు పట్టొచ్చు, ఏళ్ళు కూడా పట్టొచ్చు. మోలైసన్‌కి చిన్నప్పటివి మిగలడానికి, మీ అత్తమ్మకి జనగామ సంగతులు మిగలడానికి కారణం ఇదే అని చాలామంది సైంటిస్టులు అనుకుంటారు. పంపకం పనిలో పెద్ద భాగం రాత్రిపూట మీరు పడుకున్నాక జరుగుతది. మీరు తపాలు దింపుకుంటూ పోతున్నారు గానీ పంచే టైం ఇవ్వట్లేదు.

ఇక ఆ ఎంట్రీ ఎట్ల పడతది అనేది. ఒక్క కణంలో ఒక్క రూల్ దాచిపెట్టి ఉండదు. ఒకేసారి పనిచేసిన కొన్ని కణాల గుంపే ఆ జ్ఞాపకం, వాటి మధ్య కనెక్షన్ గట్టిపడటమే నేర్చుకోవడం. 1973లో టిమ్ బ్లిస్, తేర్యే లోమో అని ఇద్దరు, నార్వేలో ఓస్లోలో చేసిన పని, కుందేళ్ళ హిప్పోకాంపస్‌లోకి పోయే నరాల దారిని గబగబా కరెంటుతో తట్టి చూస్తే ఆ తర్వాత గంటల తరబడి అదే దారిలో సిగ్నల్ ముందుకంటే గట్టిగా దాటుతుందని కనిపెట్టారు. అక్కడ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అని ఒక తలుపు ఉంటది. పంపే కణం, అందుకునే కణం రెండూ ఒకే టైంలో చురుగ్గా ఉంటేనే అది తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తది, దాంతోనే గట్టిపడటం మొదలయ్యేది. మొదట్లో గట్టిపడేది తాత్కాలికమే, అది నిలవాలంటే కణాలు కొత్త ప్రొటీన్లు చేసుకోవాలి, దానికి గంటలు కావాలి. అందుకే రాత్రి 2కి పుస్తకం మూస్తున్నప్పుడు వచ్చేసింది అనిపిస్తది, నిజంగానే ఆ క్షణానికి వచ్చే ఉంటది కూడా. నిలబడే పని ఇంకా కాలేదు అంతే.

హిప్పోకాంపస్‌లో కూడా మళ్ళీ విభాగాలు ఉన్నయ్, అందులో రెండిటి గురించి మీకు చెప్పాలి. డెంటేట్ జైరస్ అనేది దాదాపు ఒకేలా ఉన్నవాటిని విడదీస్తది. సీఏ3 అనేది సగం దొరికితే మిగతా సగాన్ని లేపి పూర్తి చేస్తది. మీరు ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) జనవరి 1న 15, జులై 1న 15 జమ అని చదివి, వెంటనే హాఫ్ పే లీవ్ సంవత్సరానికి 20 అని చదివి, వెంటనే లీవ్ సరెండర్, వెంటనే మెటర్నిటీ, ఇట్ల ఒకే రాత్రి వరసపెట్టి లాగిస్తే అన్నీ ఒకే రంగు, ఒకే మోతాదు, పైగా కళ్ళు మూతలు పడుతున్న బుర్ర, విడదీసే కణాలకి పట్టు దొరకదు. అందుకే పరీక్షలో నాలుగు ఆప్షన్లూ చూసినట్టే ఉంటయ్, ఏదీ ఖాయంగా అనిపించదు. ఇది మీకొక్కరికే కాదు, అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని అడగండి, ఆర్టికల్ నంబర్లతో వాళ్ళ గోస కూడా ఇదే.

తీటా సంగతికొద్దాం. మీ అబ్బాయి చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. హిప్పోకాంపస్‌లో తీటా అనే లయ నిజంగానే ఉంటది, మనుషుల్లో సుమారు సెకనుకి 4 నుంచి 8 సార్లు. ఎలుక నడుస్తూ వాసన చూస్తూ కొత్త చోటు వెతుకుతున్నప్పుడు అది బాగా కనబడతది. ఆ మెల్లటి అల మీదనే గామా అనే వేగమైన చిన్న అలలు కూర్చుని ఉంటయ్, సెకనుకి 30కి పైన. ఏ కణం ముందు, ఏ కణం వెనక అనే వరస ఈ లయ వల్ల కుదురుతది, కొన్ని మిల్లీసెకన్ల తేడాలో కలిసి పనిచేసిన కణాలే జతకడతయ్ కాబట్టి టైమింగ్ అంత ముఖ్యం. ఈ లయకి తాళం వేసేది మీడియల్ సెప్టమ్ అని మెదడు లోపలి చిన్న భాగం. 1978లో జొనథన్ విన్సన్ ఎలుకల్లో ఆ సెప్టమ్‌ని దెబ్బతీసి తీటా పోగొడితే అవి ముందు నేర్చుకున్న చోటు గుర్తుపెట్టుకోలేకపోయినయ్. ఇంతవరకు సైన్సే.

కానీ ఆ తాళం లోపల పడేది, హెడ్‌ఫోన్స్‌లో కాదు. అసలు మన చెవికి సెకనుకి 20 సార్ల కంటే తక్కువ ఊగే శబ్దం వినబడదు, అందుకని ఈ యాప్ వాళ్ళేం చేస్తారంటే ఒక చెవిలో 200, ఇంకో చెవిలో 206 హెర్ట్జ్ శబ్దం పెట్టి, తేడా 6 కాబట్టి మీ మెదడు 6కి వస్తది అంటారు. దీని మీద పరీక్షలు చాలానే జరిగినయ్, ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేవు. పోనీ చెవి నరాల దారిలో ఏదో కొంచెం లయ పుట్టిందే అనుకుందాం, అది లోపలున్న హిప్పోకాంపస్‌ని పట్టుకుని మీ లీవ్ రూల్స్ గట్టిచేస్తది అనడానికి మాత్రం నమ్మదగ్గ ఆధారం లేదు. పైగా చదివేటప్పుడు చెవిలో హూం అని మోగుతుంటే ఉన్న ధ్యాస కూడా పోతది. డబ్బు కట్టి ఉంటే రెన్యూవల్ ఆపేయండి.

మీ అబ్బాయి చెప్పని రెండో సగమే మీకు కావాల్సింది. ఎలుక నడక ఆపి తింటున్నప్పుడో, ఊరికే కూర్చున్నప్పుడో, గాఢనిద్రలోనో తీటా తగ్గిపోతది, దాని బదులు రిపుల్స్ అనేవి వస్తయ్. ఎలుకల్లో సెకనుకి 150 నుంచి 200 సార్లు ఊగే, సెకనులో పదో వంతు కూడా ఉండని చిన్న చిన్న జోరు. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ ఏం చూపించారంటే, పగలు దారిలో పోతున్నప్పుడు జతగా పనిచేసిన కణాలు తర్వాత నిద్రలో కూడా జతగానే లేస్తున్నయ్ అని. తర్వాతి ప్రయోగాల్లో అదే వరసలో లేస్తున్నయని కూడా తేలింది. కొన్ని సెకన్లు నడిచిన దారి, నిద్రలో సెకనులో పదో వంతులో మళ్ళీ పరుగెడతది. ఒకసారి కాదు, ఆ నిద్రలో ఎన్నోసార్లు. నాకు ఈ పేపర్ మొదట చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది, ఇన్నేళ్ళు పిల్లలకి నిద్ర అంటే రెస్ట్ అని చెప్పుకొచ్చాం కదా అని.

అది ఊరికే జరిగే ఆట కావచ్చు కదా అంటారా? 2009లో పారిస్‌లో గాబ్రియెల్ జిరార్దో వాళ్ళు సరిగ్గా అదే అడిగారు. ఎలుకలకి దారి నేర్పి, తర్వాత అవి విశ్రాంతిలో ఉన్నప్పుడు రిపుల్ వచ్చిన ప్రతిసారీ చిన్న కరెంటు దెబ్బతో దాన్ని చెడగొట్టారు. ఇంకో గుంపుకి కూడా దెబ్బలు వేశారు గానీ రిపుల్ లేని టైంలో. రిపుల్స్ చెడిపోయిన ఎలుకలు నేర్చుకోవడంలో వెనకబడినయ్, రెండో గుంపు బాగానే నేర్చుకుంది. రెండు గుంపులూ నిద్రపోయినయ్, దెబ్బలు రెండింటికీ పడినయ్, తేడా రిపుల్ ఒక్కటే. మనుషుల మీద ఇట్ల చెయ్యలేం, కానీ మూర్ఛ ఆపరేషన్‌కి ముందు పేషెంట్ల మెదడులో తీగలు పెడతారు కాబట్టి అక్కడ వినొచ్చు. 2019లో ఒక పరీక్షలో అట్లాంటి పేషెంట్లకి ఫొటోలు చూపించి తర్వాత గుర్తుచేసుకొమ్మంటే, వాళ్ళు నోరు తెరిచి చెప్పడానికి ఒకటి రెండు సెకన్ల ముందే హిప్పోకాంపస్‌లో రిపుల్స్ పెరిగినయ్.

మనకి గాఢనిద్రలో కార్టెక్స్‌లో మెల్లటి పెద్ద అలలు, సెకనుకి ఒకటి కంటే తక్కువ. వాటి మీద స్పిండిల్స్ అని సెకనుకి 12 నుంచి 15 సార్ల జోరు. వాటి సందుల్లో హిప్పోకాంపస్ నుంచి రిపుల్స్. ఈ మూడూ టైం కలిస్తేనే ఇన్‌వర్డ్ నుంచి సెక్షన్‌కి ఫైల్ పోయినట్టు. గాఢనిద్ర ఎక్కువ రాత్రి మొదటి భాగంలో, కల నిద్ర, తేలిక నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, స్పిండిల్స్ తేలిక నిద్రలో కూడా దండిగా వస్తయ్. 2కి పడుకుని 5:30కి లేస్తే గాఢనిద్ర కొంత దొరుకుతది గానీ చివరి భాగం మొత్తం కోత. ఇంకో నష్టం కూడా ఉంది. నిద్ర తక్కువైన మర్నాడు కొత్త ఎంట్రీలు కూడా సరిగా పడవు. 2007లో మాథ్యూ వాకర్ గ్రూప్ వాళ్ళు ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ళకి మర్నాడు బొమ్మలు చూపించి స్కాన్ చేస్తే, నిద్రపోయినవాళ్ళ కంటే హిప్పోకాంపస్ పని తగ్గింది, తర్వాత గుర్తున్నవి కూడా తక్కువ. వాళ్ళది మొత్తం జాగారం, మీది సగం జాగారం, కానీ మీది ప్రతిరోజూ. అప్పు తీరకముందే ఇంకో అప్పు.

కాబట్టి చెయ్యాల్సింది ఇదీ. 10:30కి పడుకోండి. అవును, చదవకుండా. చదువు కోసం రాత్రి 8:30 నుంచి 9:30 దాకా ఒక్క గంట తీసుకోండి, ఆ గంట కచ్చితంగా మీదే. అప్పుడు వంటింట్లో పని ఎవరు చేస్తారు అంటారు, నాకు తెలుసు. మీ ఇంట్లో మీవారున్నారు, 17 ఏళ్ళ కొడుకున్నాడు, ఒక పూట గిన్నెలు తోమితే వాడి ర్యాంకేం పడిపోదు. తల్లికి యాప్ వేసిచ్చిన కొడుకు పొద్దున తన బాక్స్ తాను కట్టుకుంటే మీకు ఇంకో అరగంట నిద్ర దొరుకుతది, అన్ని ఆడియోల కంటే ఆ అరగంట ఎక్కువ పనిచేస్తది. నేను కొంచెం గట్టిగా చెప్తున్నా అనుకోకండి, ఈ కాలమ్‌కి వచ్చే మెమరీ ఉత్తరాల్లో ఆడవాళ్ళు రాసేవి చాలావరకు నిద్ర ఉత్తరాలే.

చదివాక వెంటనే ఫోన్ తీయొద్దు. ఎడిన్‌బరాలో పెద్దవయసు వాళ్ళకి రెండు చిన్న కథలు వినిపించి, ఒక కథ తర్వాత 10 నిమిషాలు చీకటి గదిలో ఊరికే కళ్ళు మూసుకుని కూర్చోబెట్టారు, ఇంకో కథ తర్వాత తేడాలు కనిపెట్టే బొమ్మల ఆట ఇచ్చారు. 7 రోజుల తర్వాత కూడా ఊరికే కూర్చున్నప్పటి కథే ఎక్కువ గుర్తుంది, 2012 నాటి సంగతి ఇది. రిపుల్స్ మెలకువలో ఊరికే ఉన్నప్పుడు కూడా వస్తయ్ అన్నాను కదా, కారణం అదే కావచ్చు. చదివి లేచి, బాల్కనీలో కాసేపు రోడ్డు చూస్తూ నిలబడండి, అత్తమ్మ పక్కన మాట్లాడకుండా కూర్చోండి, ఏదైనా సరే రీల్స్ మాత్రం వద్దు.

బస్సులో పుస్తకం తెరవకండి. మూసిన పుస్తకంతోనే పని. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కాలేజీ పిల్లల్తో చేసింది చెప్తా, ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ చదివింది, ఇంకో గుంపు పుస్తకం మూసి గుర్తున్నది కాగితం మీద రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మేలు. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళు చాలా ముందున్నారు. మళ్ళీ చదివితే వచ్చినట్టు అనిపిస్తది, అదే మోసం. గుర్తుచేసుకునే ప్రతిసారీ ఆ కణాల గుంపు మళ్ళీ లేచి మళ్ళీ గట్టిపడతది. బస్సులో గుర్తు రాకపోతే ఏడవాల్సిన పని లేదు, ఒక నిమిషం వెతకండి, అప్పటికీ రాకపోతే ఫోన్‌లో ఆ ఒక్క పాయింట్ చూసుకోండి, రెండు రోజుల తర్వాత మళ్ళీ అడుక్కోండి. లంచ్‌లో పక్క సీటు ఆమెకి ఒక రూల్ చెప్పండి, ఆమె విసుక్కున్నా సరే.

ఈఎల్, హాఫ్ పే లాంటివి కలిసిపోకుండా ఉండాలంటే ఒకే రోజు రెండూ చదవకండి, లేదంటే ఎదురెదురుగా పెట్టి ఎక్కడ తేడా అనేదే చదవండి. ఇంకో మంచి దారి మీ బస్సు దారే. హిప్పోకాంపస్‌కి చోటు అంటే ప్రాణం. జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో ఫలానా చోటుకి వచ్చినప్పుడే పలికే కణాలు కనిపెట్టాడు, నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ 2005లో దాని పక్క భాగంలో చోటుకి గళ్ళు గీసినట్టు పలికే కణాలు చూపించారు, 2014లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. చోటు పట్టుకుని గుర్తుపెట్టుకునే పద్ధతి చాలా పాతది, దాన్ని 2017లో పరీక్షిస్తే, మామూలు మనుషులు రోజుకి అరగంట చొప్పున 40 రోజులు సాధన చేశాక 72 మాటల లిస్టులో సగటున 26 చెప్పేవాళ్ళు 62 చెప్పారు, వాళ్ళ మెదడు నెట్‌వర్క్‌ల కలయిక కూడా మెమరీ చాంపియన్ల తీరుకి దగ్గరైంది. మీరు రోజూ పోయే మెట్టుగూడ, చిలకలగూడ, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ, ఒక్కో చోట ఒక్కో రూల్ కూర్చోబెట్టండి. చిలకలగూడలో ఒకావిడ చేతిలో 15 జనవరి క్యాలెండర్లు, ఇంకో చేతిలో 15 జులై గొడుగులు పట్టుకుని రోడ్డు దాటుతోంది అనుకోండి, ఈఎల్ అయిపోయింది. ఎంత పిచ్చిగా ఉంటే అంత మంచిది, ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ముషీరాబాద్‌లో హాఫ్ పే సంగతి మీరే కల్పించుకోండి, నేను కల్పిస్తే మీకు నిలవదు.

పరీక్ష హాల్లో రానిది బయటికి రాగానే గుర్తొస్తే దానికీ కారణం ఉంది. హిప్పోకాంపస్‌లో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్‌కి రిసెప్టర్లు దండిగా ఉంటయ్. 2000లో ఒక పరీక్షలో ముందురోజు మాటలు నేర్చుకున్నవాళ్ళకి, గుర్తుచేసుకోవడానికి గంట ముందు, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇస్తే తక్కువ గుర్తొచ్చినయ్. రెండుసార్లు పోయింది అనే భయమే మీకు ఆ మాత్ర. ఇంట్లో టైం పెట్టుకుని పాత పేపర్లు మూడు నాలుగు రాయండి, హాల్ వాతావరణం కొత్తగా అనిపించకుండా ఉంటది. పరీక్ష ముందు రాత్రి మాత్రం దయచేసి జాగారం చెయ్యకండి.

40 దాటితే పనిచెయ్యదా అన్నారు, చేస్తది. వయసుతో పాటు కొంచెం కొంచెం తగ్గడం నిజమే, అది కూడా నడకకి స్పందిస్తది. 2011లో కిర్క్ ఎరిక్సన్ వాళ్ళు 120 మంది పెద్దవాళ్ళని రెండు గుంపులు చేసి ఏడాది చూస్తే, వారానికి మూడు రోజులు 40 నిమిషాలు గబగబా నడిచిన గుంపులో హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసిన గుంపులో తగ్గింది. అంత కుదరకపోతే ఒక స్టాప్ ముందు దిగి నడవండి. బ్రాహ్మి మొక్క సారం మీద కొన్ని చిన్న పరీక్షల్లో వారాల తరబడి వాడాక కొంచెం ఉపయోగం కనబడింది, థైరాయిడ్ లాంటి వాటికి మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా వద్దు, ఇక టీవీలో వచ్చే మెమరీ పౌడర్లకి మీ జీతం తగలెయ్యకండి. దానికంటే ఒకసారి థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి, మూడిట్లో ఏది తేడా ఉన్నా మతిమరుపు రావచ్చు, మూడిటికీ మందుంది. 43 అంటే నెలసరి కూడా అటూ ఇటూ అయ్యే వయసు, రాత్రి చెమటలు పట్టి మెలకువ వస్తుంటే అది కూడా గైనకాలజిస్ట్‌కి చెప్పండి, సిగ్గుపడే సంగతి కాదు.

ఇక మీ అత్తమ్మ. మీ గురించి నాకు బెంగ లేదు గానీ ఆమె గురించి ఉంది. మీరు చదివింది గుర్తుండట్లేదు అని గుర్తుపెట్టుకుని ఇంత ఉత్తరం రాశారు, అది అలసిపోయిన మెదడు. పొద్దున తిన్నదో లేదో చెప్పలేకపోవడం, పాతవి మాత్రం స్పష్టంగా ఉండటం, ఇది హిప్పోకాంపస్ దగ్గరే ఏదో జరుగుతున్నట్టు, ఎందుకంటే అల్జీమర్స్‌లో చాలామందికి మొదట దెబ్బ తగిలేది దానికీ, దాని గుమ్మంలాంటి ఎంటోరైనల్ కార్టెక్స్‌కీ. అదే అని నేను ఇక్కడి నుంచి చెప్పలేను, చెప్పకూడదు కూడా. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, సరిగా వినబడకపోవడం, ఎప్పుడో జారిపడితే తలలో మెల్లగా చేరిన రక్తం, కొన్ని రకాల మందులు, ఇవన్నీ కూడా ఇట్లనే కనబడతయ్, వీటిలో చాలావరకు సరిచెయ్యొచ్చు. వయసైపోయింది లే అని మాత్రం వదిలెయ్యకండి. గాంధీలోనో నిమ్స్‌లోనో న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్ళండి, గాంధీ అయితే మీకు దగ్గర. ఎప్పటి నుంచి, ఏమేం మర్చిపోతోంది, దారి తప్పడం, డబ్బు లెక్క తప్పడం, అడిగిందే అడగడం, స్టవ్ వెలిగించి వదిలెయ్యడం లాంటివి ఉన్నయా, ఒక కాగితం మీద రాసుకుని పోండి, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఆమె అంతా బాగుంది అనే చెప్తది. ఆమె వేసుకునే మందులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు ఉంటే అవి కూడా.